లక్క, పట్టు, తెల్లసొన: ట్రాన్సిస్టర్‌లో ఇన్సులేటర్‌గా నిలుస్తాయా?

సిలికాన్‌కు బదులు కార్బన్ అణువులతో చేసే ట్రాన్సిస్టర్లలో, వోల్టేజితో కరెంటును అదుపు చేసే గేట్‌కీ, కరెంటు పోయే సెమీకండక్టర్‌కీ మధ్య ఒక ఇన్సులేటర్ పొర ఉంటుంది. ఆ పొరను చెట్టు నుంచో, పురుగు నుంచో, గుడ్డు నుంచో తెచ్చిన పదార్థంతో వేయడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. ఒకే రకం ప్రశ్నల్ని ఒకటిగా కలిపాం.

ప్రశ్న: పెంటసీన్ అనీ, పీ3హెచ్‌టీ అనీ అందరూ సెమీకండక్టర్ల గురించే రాస్తారు. కరెంటే పోని ఇన్సులేటర్ మీద ఇంత శ్రద్ధ దేనికి?
— ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని, వరంగల్

కరెంటు ఇన్సులేటర్‌లోంచి పోదు, నిజమే. కానీ దాన్ని ఒరుసుకుంటూ పోతుంది. గేట్‌కి వోల్టేజి ఇచ్చినప్పుడు చార్జి సెమీకండక్టర్ మందం అంతటా పరుచుకోదు. ఇన్సులేటర్‌ని తాకే మొదటి ఒకటి రెండు అణు పొరల్లోనే పోగవుతుంది. మీరు 50 నానోమీటర్ల పెంటసీన్ వేసినా పనిచేసేది అడుగున ఉన్న ఆ కాస్తే. కింద నేల గరుకుగా ఉంటే పెంటసీన్ స్ఫటికాలు చిన్నచిన్నగా పెరిగి, వాటి మధ్య హద్దులు ఎక్కువవుతాయి. నేల మీద హైడ్రాక్సిల్ (ఓహెచ్) గ్రూపులు ఉంటే ఎలక్ట్రాన్లు అక్కడే చిక్కుకుంటాయి. 2005లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు నేచర్ పత్రికలో దీన్ని చాలా స్పష్టంగా చూపించారు. హైడ్రాక్సిల్ లేని ఇన్సులేటర్ పెట్టేసరికి, అంతవరకూ హోల్స్‌ని, అంటే ఎలక్ట్రాన్ లేని ధన చార్జి ఖాళీల్ని, మాత్రమే మోస్తాయనుకున్న పాలిమర్లు ఎలక్ట్రాన్లనూ మోశాయి.

ఇప్పుడు సహజ పదార్థాల సంగతి చూడండి. సెల్యులోజ్, పిండి, జిగురు, లక్క, పట్టు... వీటిలో హైడ్రాక్సిల్ లేనిది ఏదీ లేదు. ఆ గ్రూపులే గాలిలోని తేమనూ పట్టుకుంటాయి. తేమ చేరిన చోట సోడియం, పొటాషియం వంటి అయాన్లు కదలడం మొదలుపెడతాయి. ఈ రంగంలో కష్టం అంతా ఈ నీళ్లతోనూ, ఈ అయాన్లతోనే. కింది జవాబులన్నిట్లో ఇదే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

ఆస్ట్రియాలోని లింట్స్‌లో, యోహానెస్ కెప్లర్ యూనివర్సిటీలో మిహాయ్ ఇరిమియా-వ్లాదు, నియాజీ సెర్దార్ సరిచిఫ్చి, సీగ్‌ఫ్రీడ్ బావర్ 2010 నుంచి ఈ దారిలో గట్టి పని చేశారు. డీఎన్‌ఏలోని అడెనిన్, గ్వానిన్ వంటి బేస్‌లనూ, చక్కెరలనూ ఇన్సులేటర్లుగా వాడి చూశారు. 2012లో నీలిమందును సెమీకండక్టర్‌గా నిలబెట్టారు. 2013లో లక్కనే అడుగు పలకగానూ, ఇన్సులేటర్‌గానూ వాడారు.

ప్రశ్న: మా ల్యాబ్‌లో వాక్యూమ్ చాంబర్ లేదు. ఎల్‌సీఆర్ మీటర్, హాట్ ప్లేట్, మల్టీమీటర్ ఉన్నాయి. లక్కతో పిల్లల చేత ఏమైనా చేయించవచ్చా?
— డిగ్రీ కాలేజీ లెక్చరర్, కాకినాడ

తప్పకుండా చేయించండి. అయితే ట్రాన్సిస్టర్ జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు కెపాసిటర్ చేయించండి. అది సరిగా రానిదే ట్రాన్సిస్టర్ రాదు. వచ్చినట్టు కనిపించినా అది లీకేజీయే అయి ఉంటుంది.

మొదలెట్టడానికి లక్కే మంచిది. మోదుగ, రేగు చెట్ల మీద లక్క పురుగు పెట్టే ఈ గుగ్గిలం మనకు ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తుంది. ఏటికొప్పాక బొమ్మల మెరుపు దీనిదే. రంగుల దుకాణంలో షెల్లాక్ ఫ్లేక్స్ అంటే ఇస్తారు. కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. మైనం తీసిన రకం కావాలి. మామూలు లక్కలో 4, 5 శాతం మైనం ఉంటుంది, అది ద్రావణాన్ని మబ్బుగా చేసి పొరలో గింజలుగా మిగులుతుంది. తెల్లగా బ్లీచ్ చేసింది వద్దు. దాన్ని హైపోక్లోరైట్‌తో తెల్లబరుస్తారు కాబట్టి క్లోరిన్ మిగిలి ఉంటుంది, తొందరగా ముదిరి కరగకుండా పోతుంది కూడా.

10 గ్రాముల రేకుల్ని పొడి చేసి, తగినంత ఇథనాల్‌లో రాత్రంతా కలియబెట్టి 100 మిల్లీలీటర్లకు తీసుకురండి. ఇథనాల్ 99.9 శాతం స్వచ్ఛమైనది కావాలి. దుకాణంలో దొరికే స్పిరిట్‌లో నీళ్లుంటాయి, అది వద్దు. ఒక రోజు కదపకుండా ఉంచి, పైన తేరిన ద్రావణాన్ని 0.45 మైక్రాన్ పీటీఎఫ్‌ఈ సిరింజి ఫిల్టర్‌లోంచి పోయండి. ఫిల్టర్ మానేస్తే ప్రతి దుమ్ము కణమూ ఒక రంధ్రం అవుతుంది.

అడుగు పలకగా, కరెంటు పోనిచ్చే పారదర్శక పూత ఉన్న ఐటీఓ గాజు గానీ, సోలార్ సెల్ పనులకు వాడే ఎఫ్‌టీఓ గాజు గానీ తీసుకోండి. సబ్బు నీళ్లు, డిస్టిల్డ్ వాటర్, అసిటోన్, ఐసోప్రొపనాల్ వరసన ఒక్కోదాంట్లో 10 నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్‌లో కడగండి. స్పిన్ కోటర్ (గాజును వేగంగా తిప్పి ద్రావణాన్ని పల్చగా పరిచే యంత్రం) లేకపోతే పాత కంప్యూటర్ ఫ్యాన్‌కి రెక్కల మధ్య డబుల్ సైడెడ్ టేపుతో గాజును అతికించి 12 వోల్టులు ఇస్తే చాలు, నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరుగుతుంది. గాజు ఎగిరిపోయినా ఎవరికీ తగలకుండా ఫ్యాన్‌ని లోతైన డబ్బాలో పెట్టి తిప్పండి. అర మిల్లీలీటరు పోసి 60 సెకన్లు.

తర్వాత వేడి. ఇక్కడే ఎక్కువ మంది చెడగొట్టుకుంటారు. లక్క 65, 75 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. లోపల ఇథనాల్ ఉండగానే ఒక్కసారిగా 120కి తీసుకెళ్తే పొర బుడగలెత్తి, చల్లారాక ముడతలు పడుతుంది. 50 డిగ్రీల దగ్గర అరగంట, 80 దగ్గర అరగంట ఉంచి, ఆ తర్వాతే 120కి పోండి. అక్కడ లక్కలోని ఆమ్లాలూ ఆల్కహాల్ గ్రూపులూ ఒకదానితో ఒకటి కలిసి ఎస్టర్లుగా ముడిపడతాయి. హైడ్రాక్సిల్ తగ్గుతుంది, పొర గట్టిపడుతుంది. ఎంతసేపు అన్నది మీ లక్క వయసును బట్టి ఉంటుంది. గంటకోసారి ఒక మూలను ఇథనాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి చూడండి. దూదికి పసుపు అంటుతుంటే ఇంకా ముడిపడలేదు. రెండో పూత వేయాలంటే ఈ పరీక్ష నెగ్గాకే వేయాలి, లేకపోతే రెండో పూతలోని ఇథనాల్ మొదటి పూతను కరిగించి పట్టుకుపోతుంది. ఒక అంచున ఐటీఓ బయటపడాలి కాబట్టి అక్కడ 80 డిగ్రీల దశలోనే తుడిచేయండి.

కాకినాడలో మరో చిక్కు ఉంది, గాలిలో తేమ. ఇథనాల్ ఆరేటప్పుడు పొరను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని నీరు దాని మీద దిగి, పొర పాలలా తెల్లబడుతుంది. ఫ్రెంచ్ పాలిష్ వేసే వడ్రంగులు వానాకాలంలో పడే ఇబ్బంది ఇదే. ఏసీ గదిలో, తేమ 50 శాతం దిగువన ఉన్నప్పుడు వేయండి. తెల్లబడిన పొరను వేడి చేస్తే పారదర్శకంగా మారుతుంది గానీ, లోపలి సన్న రంధ్రాలు అలాగే ఉండిపోతాయి. దాన్ని తీసి పక్కన పెట్టండి.

పై ఎలక్ట్రోడ్‌కి సిల్వర్ పేస్టు వాడొద్దు. చాలా పేస్టుల్లోని ద్రావకం లక్కను తింటుంది. గాలియం-ఇండియం ద్రవలోహం కొన్ని గ్రాములు తెప్పించుకోండి. బరువులో 75.5 శాతం గాలియం, 24.5 శాతం ఇండియం ఉన్న ఈ మిశ్రమం దాదాపు 16 డిగ్రీలకే కరిగి ఉంటుంది. సిరింజితో 2 మిల్లీమీటర్ల చుక్క పెట్టి, దాంట్లోకి సన్నటి రాగి తీగ ఆనించండి. అడుగు పలకగా అల్యూమినియం రేకు వాడొద్దు: పొరలో ఒక్క రంధ్రం ఉన్నా గాలియం అల్యూమినియంలోకి దూరి దాన్ని పెళుసుగా చేసేస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. లక్క డైఎలక్ట్రిక్ స్థిరాంకం 3.5, పొర మందం 500 నానోమీటర్లు అనుకుంటే చదరపు సెంటీమీటరుకు 6.2 నానోఫారడ్లు రావాలి. మీ చుక్క వైశాల్యం 0.031 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి మీటర్ మీద 195 పికోఫారడ్ల దగ్గర కనిపించాలి. మందం కొలిచే యంత్రం లేకపోతే 0.01 మిల్లీగ్రాము చూపే త్రాసుతో పూతకు ముందు ఒకసారి, ఆరాక ఒకసారి తూచండి. రెండున్నర సెంటీమీటర్ల చదరపు గాజు మీద 500 నానోమీటర్ల లక్క బరువు సుమారు 0.34 మిల్లీగ్రాములు.

లీకేజీకి ఖరీదైన మీటర్ లేకపోయినా ఫరవాలేదు. 9 వోల్టుల బ్యాటరీ, మీ కెపాసిటర్, మల్టీమీటర్ మూడింటినీ ఒకే వరసలో కలపండి. మల్టీమీటర్‌ని కరెంటు మీద కాకుండా డీసీ వోల్టుల మీద పెట్టండి. దాని లోపలి నిరోధం 10 మెగాఓములైతే, 1 మిల్లీవోల్టు చూపిందంటే 0.1 నానోఆంపియర్ పోతున్నట్టు. మీ మీటర్ నిరోధం ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. మొత్తాన్నీ రేకు బిస్కెట్ డబ్బాలో పెట్టి మూతేయండి, లేకపోతే ట్యూబ్‌లైటు రొద కూడా కొలతలో కలుస్తుంది. 9 వోల్టుల దగ్గర చుక్కకు 0.3 నానోఆంపియర్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 10 నానోఆంపియర్లు దాటకపోతే ఆ పొర పనికొస్తుంది. నేరుగా 9 వోల్టులూ చూపిందంటే రంధ్రం పడినట్టే. పది చుక్కలు పెట్టి ఎన్ని నిలిచాయో రాయించండి. ఒక్క చుక్క బాగుందని పొర బాగున్నట్టు కాదు.

ప్రశ్న: తెల్లసొనతో ఇన్సులేటర్ చేశారని చదివి ప్రయత్నించాం. డయాలిసిస్ చేస్తే తెల్లటి మబ్బు కమ్మింది, చేయకపోతే విపరీతంగా లీకవుతోంది.
— బీటెక్ విద్యార్థులు, తిరుపతి

మీరు చదివింది 2011లో తైవాన్ నుంచి వచ్చిన పని అయి ఉంటుంది. కోడిగుడ్డు తెల్లసొనను అలాగే స్పిన్ చేసి, వేడితో గట్టిపరిచి, దాని మీద పెంటసీన్, సీ60 అనే సెమీకండక్టర్లను వేశారు. వేడికి ప్రోటీన్ గొలుసులు విప్పుకుని, గంధకం ముడులతో అడ్డంగా అతుక్కోవడం వల్ల పొర నునుపుగా, కరగకుండా తయారవుతుంది. మనం ఆమ్లెట్‌లో చూసే మార్పే నానోమీటర్ల మందంలో జరుగుతుంది.

లీకేజీకి కారణం ఉప్పు. 100 గ్రాముల తెల్లసొనలో సోడియం, పొటాషియం చెరో 160 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. కాబట్టి డయాలిసిస్‌తో, అంటే ఉప్పును మాత్రం బయటికి వదిలే గొట్టంలో పోసి నీళ్లలో ఉంచి, దాన్ని తీసేయాలన్న మీ ఆలోచన సరైనదే. మబ్బు కమ్మడం కూడా తప్పు కాదు. ఉప్పు తగ్గేసరికి ఓవోమ్యూసిన్ అనే తాడులాంటి ప్రోటీన్ కరిగి ఉండలేక విడిపోతుంది. అది పోవడమే మీకు మేలు, ఎందుకంటే పొరలో చారలు తెచ్చేది అదే. చిక్కటి తెల్లసొనను కత్తెరతో కోసి, పల్చటి బట్టలో వడకట్టి, సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలిపి, 12 వేల డాల్టన్ల (అంతకంటే పెద్ద అణువుల్ని ఆపే) డయాలిసిస్ గొట్టంలో పోసి, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచండి. నాలుగుసార్లు నీళ్లు మార్చండి. తర్వాత సెంట్రిఫ్యూజ్ చేసి, తేటను మాత్రం తీసుకోండి. గుడ్డు తాజాది కావాలి. నిలవ ఉన్న కొద్దీ కార్బన్ డయాక్సైడ్ పోయి క్షారగుణం పెరుగుతుంది, పొర తీరు మారుతుంది.

వేడి 60 దగ్గర ఆపేస్తే సగమే గట్టిపడుతుంది. ముఖ్య ప్రోటీన్ అయిన ఓవాల్బుమిన్ విచ్చుకోవాలంటే 80 దాటాలి. 100, 120 మధ్య ఉంచండి. కొలతకు ముందు డెసికేటర్‌లో (తేమ పీల్చే మూతపాత్రలో) ఒక రాత్రి ఉంచడం మరవద్దు.

ప్రశ్న: హిందూపురం మార్కెట్ నుంచి పట్టుగూళ్లు తెచ్చాం. ఫైబ్రాయిన్ (పట్టు దారంలోని ప్రోటీన్) ద్రావణం ఎలా చేయాలి? తస్సర్ గూళ్లు కూడా దొరుకుతాయి, అవి పనికొస్తాయా?
— పరిశోధక విద్యార్థి, అనంతపురం

తస్సర్‌ను ఇప్పటికి పక్కన పెట్టండి. కింద చెప్పే లిథియం బ్రోమైడ్‌లో మల్బరీ పట్టు కరిగినట్టు అది కరగదు.

మల్బరీ గూళ్లను కోసి, పురుగు తీసేసి, నాణెమంత ముక్కలు చేసి 5 గ్రాములు తూచండి. 2 లీటర్ల నీళ్లలో 4.24 గ్రాముల సోడియం కార్బొనేట్ వేసి మరిగించి, ముక్కల్ని 30 నిమిషాలు ఉడకనివ్వండి. పైనున్న జిగురు, అంటే సెరిసిన్, కరిగిపోతుంది. ఎక్కువసేపు ఉడికిస్తే ఫైబ్రాయిన్ గొలుసులే తెగి పొర పెళుసవుతుంది, గడియారం చూసుకోండి. మూడుసార్లు జాడించి, పిండి, ఆరబెడితే 3.6, 3.7 గ్రాములు మిగులుతుంది. 4 గ్రాములకు పైనే వచ్చిందంటే జిగురు పూర్తిగా పోలేదు.

గ్రాముకు 4 మిల్లీలీటర్ల చొప్పున 9.3 మోలార్ లిథియం బ్రోమైడ్ పోయండి. అంటే 15 మిల్లీలీటర్ల ద్రావణానికి 12.1 గ్రాముల ఉప్పు. నీళ్లలో వేసేటప్పుడు బాగా వేడెక్కుతుంది, కొంచెం కొంచెంగా కలపండి. 60 డిగ్రీల దగ్గర 4 గంటలకు తేనెలా తేటగా అవుతుంది. 3,500 డాల్టన్ల గొట్టంలో పోసి, 48 గంటల్లో ఆరుసార్లు నీళ్లు మారుస్తూ డయాలిసిస్ చేయండి. చివరి నీళ్లలో రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేస్తే లేత పసుపు మబ్బు రాకూడదు. వస్తే బ్రోమైడ్ ఇంకా ఉంది, అది ఉన్నచోట లిథియం కూడా ఉంటుంది. చిన్నదైన లిథియం అయాన్ పొరలో చాలా సులువుగా కదులుతుంది. ఈ పరీక్ష దాటవేసిన పొరల మీద వచ్చిన ఏ గ్రాఫునూ నమ్మకండి.

మిగిలే ద్రావణం 7, 8 శాతం ఉంటుంది. సెంట్రిఫ్యూజ్ చేసి 4 డిగ్రీల్లో దాచండి. గట్టిగా ఊపితే జెల్ అయిపోతుంది. స్పిన్ చేశాక పొరను మెథనాల్‌లో ఉంచితే గొలుసులు బీటా షీట్లుగా సర్దుకుని నీళ్లకు కరగకుండా నిలుస్తాయి. మెథనాల్ విషం, ఫ్యూమ్ హుడ్‌లోనే పని చేయండి.

ప్రశ్న: పట్టు మీద పెంటసీన్‌కు 23 సెంటీమీటర్ స్క్వేర్డ్ పర్ వోల్ట్ సెకండ్ మొబిలిటీ వచ్చిందని 2011 పేపర్ ఒకటి చెబుతోంది. మాకు తడి రోజున 9, డెసికేటర్‌లో పెట్టాక 0.3 వస్తోంది. ఏది నిజం?
— పీహెచ్‌డీ విద్యార్థి, హైదరాబాద్

మొబిలిటీ అంటే సెమీకండక్టర్‌లో చార్జి ఎంత సులువుగా కదులుతుందో చెప్పే కొలత. మీ విషయంలో 0.3కే మేం ఓటు వేస్తాం. మామూలు సిలికాన్ డయాక్సైడ్ మీద పెంటసీన్ పొరకు 1 వస్తే బాగా వచ్చిందంటారు. తేమతో ముప్ఫై రెట్లు పెరిగిందంటే సెమీకండక్టర్ మారలేదు, మీ కెపాసిటెన్స్ మారింది.

మొబిలిటీ లెక్కలో కెపాసిటెన్స్ కింద, హారంలో ఉంటుంది. మీరు దాన్ని 100 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచి ఉంటారు. ఆ వేగంలో నీళ్లలోని అయాన్లు కదిలే వ్యవధి ఉండదు కాబట్టి 10 నానోఫారడ్లు చూపుతుంది. కానీ ట్రాన్సిస్టర్ గ్రాఫు గీసేటప్పుడు గేట్ వోల్టేజి సెకన్ల మీద నెమ్మదిగా మారుతుంది. అప్పుడు అయాన్లు పొర అంచుకు వచ్చి పేరుకుని, అసలు కెపాసిటెన్స్‌ని ఎన్నో రెట్లు పెంచేస్తాయి. పెద్ద కెపాసిటెన్స్ తెచ్చిన కరెంటును చిన్న కెపాసిటెన్స్‌తో భాగిస్తే మొబిలిటీ ఉబ్బి కనిపిస్తుంది. ఎంత తప్పు కొలిస్తే అన్ని రెట్లు ఉబ్బుతుంది.

20 హెర్ట్జ్ నుంచి 1 మెగాహెర్ట్జ్ దాకా కెపాసిటెన్స్ ఎలా మారుతుందో గీత గీయండి. గీత అడ్డంగా, సమంగా ఉంటే అది ఇన్సులేటర్. తక్కువ ఫ్రీక్వెన్సీ వైపు పైకి లేస్తుంటే అది సగం ఎలక్ట్రోలైట్. అప్పుడు గ్రాఫు గీసిన వేగానికి సరిపడే కెపాసిటెన్స్‌నే లెక్కలో వేయాలి. గేట్ వోల్టేజిని పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి కొలవండి, రెండు గీతల మధ్య ఎడం ఎంతో పేపర్‌లో చూపండి. తడి రోజు 9నీ, ఆరిన రోజు 0.3నీ పక్కపక్కన ప్రచురించగలిగితే ఈ రంగానికి మీరు చేసే మేలు చిన్నది కాదు.

ప్రశ్న: తుమ్మ బంక, గంజి చవకగా దొరుకుతాయి కదా, వాటితో?
— పాలిటెక్నిక్ విద్యార్థి, కర్నూలు

పేపర్ అతికించడానికి బాగుంటాయి. తుమ్మ బంక పుట్టుకతోనే కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లవణం. అయాన్లు దాని ఒంట్లోనే ఉన్నాయి, డయాలిసిస్‌తో పూర్తిగా పోవు. గంజి పొర తేమను పీల్చి ఉబ్బుతుంది. సెల్యులోజే కావాలనుకుంటే ఆస్ట్రియాలోని గ్రాట్స్ పరిశోధకులు 2013లో చూపిన దారి ఉంది: ద్రావకాల్లో కరిగే ట్రైమిథైల్‌సిలైల్ సెల్యులోజ్‌ను పూత వేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి చూపిస్తే అక్కడికక్కడే అది శుద్ధ సెల్యులోజ్‌గా మారుతుంది.

ప్రశ్న: మా గూడూరు అభ్రకం ఇన్సులేటర్లలో రాజు. దాన్నెందుకు వాడరు?
— రిటైర్డ్ ఇంజనీరు, నెల్లూరు

నాణ్యతలో దానికి వంక పెట్టలేం. ఒకప్పుడు మోటార్ల వైండింగుల్లో వాడిన మైకానైట్ అంటే అభ్రకం రేకుల్ని లక్కతో అతికించిందే. చిక్కు మందంతో వస్తుంది. చేత్తో చీల్చి 5 మైక్రాన్లకు తెచ్చినా, స్థిరాంకం 6 అనుకుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1 నానోఫారడే వస్తుంది. 500 నానోమీటర్ల లక్క దానికి ఆరింతలు ఇస్తుంది. అభ్రకంతో ట్రాన్సిస్టర్ తెరుచుకోవాలంటే పదుల వోల్టులు కావాలి. పైగా అప్పుడే చీల్చిన ముఖం మీద పొటాషియం అయాన్లు తేలి ఉంటాయి, అవి తేమను వెంటనే పట్టుకుంటాయి.

ప్రశ్న: 3 వోల్టులతో పనిచేసేలా చేయాలంటే?
— పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

ఒక్క సహజ పొరతో కష్టం. పల్చన చేస్తే రంధ్రాలు, మందం చేస్తే వోల్టేజి. లింట్స్ బృందం రెండు పొరలు పెట్టింది. అడుగున అల్యూమినియం గేటును సిట్రిక్ ఆమ్లంలో ఆనోడైజ్ చేస్తారు. ఒక వోల్టుకు సుమారు 1.3 నానోమీటర్ల ఆక్సైడ్ పెరుగుతుంది, 10 వోల్టులకు 13 నానోమీటర్లు. ఇది లీకేజీని ఆపుతుంది. దాని హైడ్రాక్సిల్ ముఖాన్ని కప్పడానికి పైన 20 నానోమీటర్ల టెట్రాటెట్రాకాంటేన్ వేయండి. 44 కార్బన్ల ఈ గొలుసు మొక్కల మైనాల్లో ఉండే హైడ్రోకార్బన్ల కుటుంబానిదే. ఆక్సైడ్‌కి 613, మైనానికి 110 నానోఫారడ్లు, వరసలో కలిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 93 వస్తుంది. 3 వోల్టులకు అది చాలు.

మైనం 86 డిగ్రీలకు కరుగుతుంది. పైన సెమీకండక్టర్‌నీ, లోహాన్నీ వేసేటప్పుడు పలక వేడిని దానికి బాగా దిగువనే ఉంచండి. సెమీకండక్టర్‌ను ద్రావణంగా పోసే ఆలోచన ఉంటే, ముందు ఆ ద్రావకం ఒక్క చుక్కను ఉత్త మైనం మీద వేసి, నిమిషం ఆగి దులపండి. మచ్చ పడితే ఆ ద్రావకం పనికిరాదు. లక్క పొర మీదైనా ఇదే పరీక్ష.

ప్రశ్న: మిగిలిన లక్క ద్రావణాన్ని ఎంతకాలం వాడుకోవచ్చు?
— ల్యాబ్ అసిస్టెంట్, గుంటూరు

సీసా మీద కలిపిన తేదీ రాయండి. ఇథనాల్‌లో ఉన్నా లక్క నెమ్మదిగా ఆల్కహాల్‌తో కలుస్తూనే ఉంటుంది, ఎండకు ఇంకా తొందరగా. ముదురు రంగు సీసాలో చల్లగా ఉంచితే ఆరు నెలలు వాడొచ్చు. ప్రతిసారీ వాడే ముందు ఒక చుక్క గాజు మీద వేసి మర్నాడు గోరుతో నొక్కండి. గోరు దిగినా, వేలికి అంటినా ఆ సీసా పారబోసి కొత్తది కలపండి.